బండి బాగోగులు: ఘాట్ ఎక్కేటప్పుడు టర్బో లాగకపోతే

ప్రశ్న: మాది విజయనగరం. ఏడేళ్ల నాటి డీజిల్ కారు, 90,000 కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లోనూ, గజపతినగరం వరకూ ఏ ఇబ్బందీ లేదు. కోరాపుట్ వెళ్లేటప్పుడు సాలూరు దాటి పి.కోనవలస ఘాట్ ఎక్కుతుండగా మాత్రం ఇంజన్ లైటు వెలిగి, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగడం మానేస్తోంది. పక్కకు ఆపి, తాళం తీసి, మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడుస్తోంది. స్కానర్ పెడితే పి0299 అనే కోడ్ వచ్చింది. ఒక షెడ్డులో టర్బో మార్చాలన్నారు, మరొకచోట బూస్ట్ సోలనాయిడ్‌కు మట్టి పట్టిందన్నారు. పెట్రోలుతో కడిగితే చాలని మా బావగారి మాట. ఆ సోలనాయిడ్‌ను ఇంట్లో నేనే శుభ్రం చేసుకోవచ్చునా?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: చేసుకోవచ్చును. అయితే పెట్రోలుతో కాదు, సోలనాయిడ్‌తో మొదలుపెట్టి కూడా కాదు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే టర్బో మార్చాలన్న మాట నమ్మడానికి ఇంకా చాలా దూరం ఉంది. కోడ్ ఒక్కటే చూసి అంత ఖరీదైన సలహా ఇవ్వడం నాకు బాధ కలిగించింది. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం, బూస్ట్ సోలనాయిడ్ అంటే ఆ ఒత్తిడిని అదుపు చేసే, కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు. పి0299 అంటే కంప్యూటర్ కోరినంత గాలి ఒత్తిడి టర్బో నుంచి రాలేదని మాత్రమే అర్థం. ఎందుకు రాలేదో ఆ కోడ్ చెప్పదు.

ఊళ్లో బాగున్న బండి ఘాట్ మీదనే ఎందుకు మొరాయిస్తుందో ముందు చూద్దాం. చదును రోడ్డు మీద ఇంజన్‌కు టర్బో సాయం కొద్దిగానే కావాలి కనుక చిన్న లీకు ఉన్నా బయటపడదు. ఘాట్ మీద మూడో గేరులో పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ పూర్తి ఒత్తిడి కోరుతుంది, సెన్సారు చూపే ఒత్తిడితో దానిని పోల్చుకుంటుంది, కొన్ని సెకన్లపాటు తేడా తగ్గకపోతే ఇంజన్‌ను కాపాడడానికి శక్తిని బాగా తగ్గించేస్తుంది. తాళం తీసి మళ్లీ వేయగానే లెక్క కొత్తగా మొదలవుతుంది, అందుకే బండి బాగైనట్టు కనిపిస్తుంది. పైగా కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి మన విజయనగరంలో కంటే దాదాపు పదో వంతు తక్కువ కనుక టర్బో ఇంకాస్త ఎక్కువ కష్టపడాలి.

మీ కారులాంటి డీజిల్ బండ్లలో ఎక్కువ భాగం ఈ సోలనాయిడ్ వ్యాక్యూమ్‌తో, అంటే గాలిని లాగేసే పీల్పుతో పనిచేస్తుంది. ఇంజన్‌తో పాటు తిరిగే వ్యాక్యూమ్ పంపు ఒకటి ఉంటుంది, బ్రేకు బూస్టర్‌కు కూడా అదే ఆధారం. ఆ పంపు నుంచి సన్నని రబ్బరు గొట్టం సోలనాయిడ్‌కు వస్తుంది. అక్కడినుంచి మరో గొట్టం టర్బో పక్కనున్న చిన్న డబ్బాలాంటి యాక్చుయేటర్‌కు వెళ్తుంది. కంప్యూటర్ సోలనాయిడ్‌కు సెకనుకు ఎన్నోసార్లు కరెంటు ఇస్తూ ఆపుతూ, యాక్చుయేటర్‌కు ఎంత వ్యాక్యూమ్ చేరాలో నిర్ణయిస్తుంది. యాక్చుయేటర్‌లోని కడ్డీ కదిలి టర్బో లోపలి రెక్కలను తిప్పుతుంది. సోలనాయిడ్‌కు మూడో ద్వారం ఒకటి ఉంటుంది, వ్యాక్యూమ్ తగ్గించవలసి వచ్చినప్పుడల్లా దాని గుండా బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ ద్వారానికి బొటనవేలి గోరంత స్పాంజి ఫిల్టరు ఉంటుంది, కొన్ని బండ్లలో అది గొట్టం ద్వారా ఎయిర్ ఫిల్టరు డబ్బాకు కలిసి ఉంటుంది. సోలనాయిడ్‌లోకి దుమ్ము చేరేది చాలావరకు ఈ దారినే. ఫిల్టరు పూడిపోయినా, చిరిగి దుమ్మును లోపలికి వదిలినా వాల్వు మందగిస్తుంది.

కనుక మొదటి పరీక్షకు ఏ పనిముట్టూ అక్కరలేదు. ఇంజన్ చల్లగా ఉన్న ఉదయం పూట బానెట్ ఎత్తి, యాక్చుయేటర్ కడ్డీ మీద చూపు నిలిపి, ఇంట్లో ఎవరినైనా స్టార్ట్ చేయమనండి. ఇలాంటి డీజిల్ బండ్లలో చాలావాటికి స్టార్ట్ కాగానే కడ్డీ దాదాపు ఒక సెంటీమీటరు మేర నున్నగా లోపలికి లాగబడుతుంది, ఆపగానే తిరిగి వస్తుంది. కడ్డీ తడబడుతూ కదిలినా, సగంలో ఆగిపోయినా, అసలు కదలకపోయినా తర్వాతి పరీక్ష చేయాలి.

దీనికి మందుల షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజి చాలు. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, యాక్చుయేటర్ దగ్గర గొట్టం మెల్లగా తీసి, యాక్చుయేటర్ మొనకు చిన్న రబ్బరు గొట్టంతో సిరంజి తగిలించి లాగండి. ఒక్కసారి లాగితే చాలకపోవచ్చును. గొట్టాన్ని వేళ్లతో నొక్కిపట్టి, సిరంజిని ఖాళీ చేసి, మళ్లీ లాగాలి. కడ్డీ నున్నగా కదిలి, గొట్టం నొక్కిపట్టినంతసేపూ లాగిన చోటే నిలిస్తే యాక్చుయేటర్, టర్బో రెక్కల కదలిక బాగున్నట్టే. మెల్లగా వెనక్కి జారితే యాక్చుయేటర్ లోపలి పొర చిల్లుపడింది. వ్యాక్యూమ్ నిలుస్తున్నా కడ్డీ పట్టేసినట్టు ఆగిపోతే రెక్కల మీద మసి పేరుకుంది, సోలనాయిడ్‌ను ఎంత కడిగినా దానికి మందు కాదు. ఈ పరీక్ష సాలూరులో లారీలు బాగుచేసే ఒక పెద్దాయన నాకు చూపించారు. ఆయన సిరంజికి బదులు నోటితో పీల్చేవారు. మీరు అలా చేయకండి, ఆ గొట్టాలలో నూనె తడి ఉంటుంది.

రెండోది గొట్టాలు. నాకు వచ్చే ఇలాంటి ఉత్తరాలలో లోపం చాలాసార్లు ఇక్కడే తేలుతుంది. ఏడేళ్ల వేడికి రబ్బరు మొనల దగ్గర గట్టిపడి, గొట్టం వంచితే తల వెంట్రుక మందాన చీలికలు కనిపిస్తాయి. వరి కోతల తర్వాత ఇంటి ముందు, కల్లం పక్కన ఆపిన బండ్లలో ఎలుకలు ఇంజన్ వెచ్చదనానికి చేరి ఈ సన్న గొట్టాలను కొరకడం మన ప్రాంతంలో మామూలే. మొన మాత్రమే చీలి, గొట్టం పొడవు చాలినంత ఉంటే చీలిన సెంటీమీటరు మేర కోసేసి మళ్లీ తగిలించుకోవచ్చును. మధ్యలో చీలితే అదే లోపలి కొలత గల వ్యాక్యూమ్ గొట్టం కొనాలి. ప్లాస్టిక్ టేపు చుట్టడం వల్ల ఉపయోగం లేదు, వేడికి ఆ జిగురు కరిగి జారిపోతుంది. దీనితో పాటు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (టర్బో గాలిని చల్లబరిచే, రేడియేటరు లాంటి భాగం), అక్కడినుంచి ఇంజన్‌కు వెళ్లే లావు గొట్టాల క్లిప్పుల దగ్గర నూనె చారలు, కొత్తగా మట్టి అంటుకున్న గుర్తులు ఉన్నాయేమో చూడండి. అక్కడ గాలి కారినా ఇదే పి0299 వస్తుంది.

కడ్డీ, గొట్టాలు బాగున్నాయని తేలితే అప్పుడు సోలనాయిడ్ దగ్గరికి వెళ్దాం. బండి ఆరుబయట, నీడలో ఉండాలి. చుట్టుపక్కల పొయ్యి, బీడీ, సిగరెట్టు ఏవీ ఉండకూడదు. తాళం తీసి, బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి. గొట్టాలు తీయకముందే ఫోనులో రెండు మూడు వైపుల నుంచి ఫొటోలు తీసుకుని, ఒక్కో గొట్టానికి కాగితం టేపు చుట్టి 1, 2, 3 అని రాయండి. చాలా సోలనాయిడ్లపై ఏ ద్వారం దేనిదో ప్లాస్టిక్‌లోనే అచ్చువేసి ఉంటుంది కాని ఏడేళ్ల మట్టి కింద అది కనిపించకపోవచ్చును. గొట్టాలు తారుమారైతే టర్బోకు ఒత్తిడి అసలు రాకపోవచ్చు, హద్దు మీరనూ వచ్చు. గొట్టాన్ని నేరుగా లాగకుండా ముందు కొద్దిగా అటూ ఇటూ తిప్పి, పట్టు వదిలాక తీయాలి. ఆ ప్లాస్టిక్ మొన విరిగిందంటే కొత్త వాల్వు కొనడం తప్ప దారి లేదు.

వాల్వు చేతికి వచ్చాక కడిగే ముందు మల్టీమీటరుతో దాని రెండు పిన్నుల మధ్య ఓములు కొలవండి. చాలా వాల్వులు సుమారు 10 నుంచి 35 ఓముల మధ్య చూపుతాయి, మీ మోడల్‌కు ఖచ్చితమైన అంకె సర్వీసు పుస్తకంలో ఉంటుంది. మీటరు ఏమీ చూపకపోతే లోపలి తీగచుట్ట తెగిపోయింది, సున్నాకు దగ్గరగా చూపితే షార్ట్ అయింది. రెండింటికీ కడగడం పరిష్కారం కాదు. అంకె బాగుంటే, ఒక అంపియరు ఫ్యూజు ఉన్న తీగతో 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఒక్క సెకను కరెంటు ఇచ్చి తీయండి. లోపలినుంచి స్పష్టమైన టిక్ వినిపించాలి. ఎక్కువసేపు పట్టుకుంటే తీగచుట్ట వేడెక్కుతుంది. ఈ పరీక్ష వాల్వు పొడిగా ఉన్నప్పుడే చేయాలి. స్ప్రే తడి ఉండగా తీగ తగిలించినప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వకు ఆ ఆవిరి అంటుకుంటుంది. ఈ హెచ్చరికను ఎన్నిసార్లు రాసినా నాకు ఎక్కువనిపించదు.

కడగడానికి ప్లాస్టిక్‌కు, రబ్బరుకు హాని చేయదని డబ్బాపై రాసి ఉన్న ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ వాడండి. పెట్రోలు లోపలి రబ్బరు సీళ్లను ఉబ్బిస్తుంది, ఉబ్బిన సీలు వాల్వును పట్టేస్తుంది, అన్నిటికీ మించి అగ్ని ప్రమాదం. పన్నెండేళ్ల కిందట నా సొంత బండికి ఇదే పొరపాటు చేశాను. కడిగిన రోజు వాల్వు టిక్ టిక్‌మంటూ చక్కగా పలికింది, వారం తిరగకముందే పూర్తిగా బిగుసుకుపోయి కొత్తది కొనవలసి వచ్చింది. కార్బ్యురేటర్ క్లీనర్ కూడా ఇలాంటి సీళ్లకు ఘాటు ఎక్కువ. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు సన్నని జిడ్డు పొరను మిగులుస్తాయి, ఆ జిడ్డుకు తర్వాతి దుమ్మంతా అతుక్కుంటుంది.

వాల్వును ద్వారాలు కిందికి ఉండేలా పట్టుకుని, స్ప్రే డబ్బా సన్న గొట్టాన్ని ద్వారంలోకి ఆనించి, ఒక సెకను చొప్పున కొట్టి, కింద తెల్లటి పాత పంచె గుడ్డపై కారనివ్వండి. ఆ గుడ్డను పారవేయకముందు శ్రద్ధగా చూడండి. బూడిద రంగు నీరు కారితే రోడ్డు దుమ్ము, అంటే ఫిల్టరు పని చేయలేదు. నల్లటి జిడ్డు కారితే నూనె ఆవిరి చేరుతోంది, వ్యాక్యూమ్ పంపు వైపు గొట్టంలో కూడా జిడ్డుందేమో చూడాలి. ఎర్రటి చారలు వస్తే లోపల నీరు చేరి ఇనుము తుప్పుపట్టింది, అలాంటి వాల్వు కడిగినా ఎక్కువ రోజులు నిలవదు. కారేది తేటపడే వరకు మూడు నాలుగు సార్లు చేస్తే చాలు.

తర్వాత కనీసం ఒక గంట నీడలో ఆరనివ్వండి. పంక్చరు షాపు కంప్రెసరుతో ఊదించకండి, ఆ ఒత్తిడికి లోపలి పొర చిరిగిపోతుంది. సైకిలు పంపుతో మెల్లగా కొడితే చాలు. స్పాంజి ఫిల్టరును సబ్బు నీటిలో పిండి, పూర్తిగా ఆరాక పెట్టండి, వేళ్ల మధ్య పొడిపొడిగా రాలిపోతుంటే కొత్తది వేయాలి. వాల్వు లోపల గ్రీజు, నూనె ఏవీ వేయకూడదు. కొన్ని వాల్వులకు లక్కలాంటి పదార్థంతో మూసిన చిన్న స్క్రూ కనిపిస్తుంది. అది ఫ్యాక్టరీలో సరిచేసి మూసినది, దానిని ముట్టుకోకండి.

అన్నీ ఫొటోల ప్రకారం బిగించి, స్కానరుతో కోడ్ తుడిపించి, మొదట నెల్లిమర్ల వైపు చదును రోడ్డుపై పది కిలోమీటర్లు నడపండి. ఈలలాంటి కొత్త చప్పుడు, నల్ల పొగ లేకపోతే అప్పుడే ఘాట్ ఎక్కండి. మళ్లీ అదే కోడ్ వస్తే రెండోసారి కడగడంలో అర్థం లేదు. ఒత్తిడి సెన్సారును, కంప్యూటర్ కోరిన ఒత్తిడిని, వచ్చిన ఒత్తిడిని పక్కపక్కనే చూపించే స్కానరు ఉన్న షెడ్డుకు వెళ్లి, ఆ రెండు అంకెలు మీ కళ్లతో మీరే చూడండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం, ఇల్లు కళింగపట్నం దగ్గర. టర్బో పెట్రోలు కారు. సోలనాయిడ్ విప్పి చూస్తే లోపల నూనె తడి ఉంది, కనెక్టర్ పిన్నులు పచ్చగా మారాయి. కడిగి పెడితే బాగుంది కాని రెండు నెలలకే పికప్ మళ్లీ తగ్గింది.
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు విప్పి చూడడం, చూసినది వివరంగా రాయడం జవాబును చాలా తేలిక చేశాయి. మీ బండిలో వాల్వు వ్యాక్యూమ్‌తో కాక ఒత్తిడితో పనిచేసే రకం. వోక్స్‌వ్యాగన్, స్కోడా పెట్రోలు బండ్ల సర్వీసు పుస్తకాల్లో దీనిని ఎన్75 అని రాస్తారు. దీని మూడు గొట్టాలలో ఒకటి టర్బో కంప్రెసరు నుంచి ఒత్తిడిని తెస్తుంది, ఒకటి వేస్ట్‌గేట్ (ఒత్తిడి ఎక్కువ కాకుండా పొగను టర్బో పక్కనుంచి దాటించే చిన్న తలుపు) యాక్చుయేటర్‌కు తీసుకువెళ్తుంది, మూడోది మిగిలిన గాలిని టర్బో ముందున్న గొట్టంలోకి తిరిగి పంపుతుంది. ఇంజన్ లోపలి నూనె ఆవిరిని గాలి దారిలోకే మళ్లించి మండించడం నేటి బండ్లన్నిటిలో ఉన్న పద్ధతి కనుక, ఆ ఆవిరిలో కొంత టర్బో గుండా ఈ వాల్వుకు చేరడం సహజం. పలచని తడి దోషం కాదు.

రెండు నెలలకే వాల్వు బిగుసుకునేంత నూనె చేరడం మాత్రం సహజం కాదు. ఇంజన్ ఆవిరిని మళ్లించే పీసీవీ వాల్వు పూడిపోయిందా, ఇంజన్ ఆయిలు డిప్‌స్టిక్‌పై పై గీత దాటి పోశారా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందా అని ముందు చూపించండి. ఇవన్నీ బాగుండి, ఇంటర్‌కూలర్ గొట్టం విప్పితే నూనె గుంటకట్టి ఉంటే టర్బో సీలు అరిగిందేమో పరీక్షించాలి. ఆ కారణం తీరకుండా వాల్వును ఎన్నిసార్లు కడిగినా మళ్లీ ఇంతే అవుతుంది.

పిన్నుల పచ్చదనం సముద్రపు గాలి వల్ల వచ్చినది. తీరంలోని మన ఊళ్లన్నిటా ఇది ఉంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తని టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక కనెక్టర్ అంచు రబ్బరుకు మాత్రం కరెంటు పారని సిలికాన్ గ్రీజు సన్నగా రాయండి. గరుకు కాగితంతో రుద్దితే పిన్నుపై పూత పోయి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. మరొక ముఖ్యమైన విషయం: ఈ రకం వాల్వులలో చాలావాటికి కరెంటు అందకపోతే టర్బో ఒత్తిడి అంతా నేరుగా యాక్చుయేటర్‌కు చేరి, వేస్ట్‌గేట్ తొందరగా తెరుచుకుని, బండి నెమ్మదిస్తుంది. అంటే మీ పికప్ తగ్గడానికి నూనె కాక ఆ పచ్చటి పిన్నులే కారణం కావచ్చును, ముందు వాటిని చూడండి. యాక్చుయేటర్‌కు వెళ్లే గొట్టం ఊడిపోతే మాత్రం వేస్ట్‌గేట్ తెరుచుకోక ఒత్తిడి హద్దు దాటుతుంది, ఇంజన్‌కు అది నిజంగా ప్రమాదం. కనుక బిగించిన తర్వాత ఆ గొట్టం క్లిప్పును రెండుసార్లు లాగి చూసుకోండి.

ప్రశ్న: రాజాం నుంచి రాస్తున్నాను. కొత్త టర్బో కారులో ఎంత వెతికినా ఈ సోలనాయిడ్, సన్న గొట్టాలు కనిపించలేదు. ఎక్కడ ఉంటుంది?

జవాబు: ఉండకపోవచ్చును. కొత్త బండ్లు చాలావాటిలో యాక్చుయేటర్‌నే చిన్న మోటారు, గేర్లతో చేస్తున్నారు. టర్బో పక్కన తీగల కనెక్టర్ ఉన్న నల్లటి ప్లాస్టిక్ పెట్టె కనిపిస్తే అదే. దాని మీద ఏ స్ప్రే కొట్టకండి, విప్పకండి. విప్పి బిగిస్తే కడ్డీ స్థానాన్ని స్కానరుతో మళ్లీ నేర్పవలసి రావచ్చును. పాత చిన్న డీజిల్ కార్లు కొన్నింటిలో మరో తీరు ఉంది. కంప్రెసరు నుంచి ఒకే గొట్టం నేరుగా వేస్ట్‌గేట్‌కు వెళ్తుంది, మధ్యలో కంప్యూటర్ ప్రమేయమే లేదు. అక్కడ చూసుకోవలసింది ఆ గొట్టం ఒక్కటే.

ప్రశ్న: టెక్కలి గ్రానైట్ క్వారీల దగ్గర రోజూ తిరిగే డీజిల్ జీపు నాది. సోలనాయిడ్‌ను ఎన్ని వేల కిలోమీటర్లకు ఒకసారి కడగాలి?

జవాబు: బాగా పనిచేస్తున్న వాల్వును విప్పి కడగవద్దు. విప్పిన ప్రతిసారీ గొట్టాల మొనలు వదులవుతాయి, పెళుసెక్కిన ప్లాస్టిక్ విరిగే అవకాశం ఉంది. మీరు చూడవలసింది దాని స్పాంజి ఫిల్టరును. రాతి పొడిలో తిరిగే మీ బండికి ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపే ప్రతిసారీ ఆ స్పాంజిని కూడా తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. వెలుతురు కనిపించకపోతే కడిగి ఆరబెట్టండి, పెళుసైతే మార్చండి. ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత రబ్బరు అంచు చుట్టూ వేలు పెట్టి తడిమినప్పుడు లోపలి వైపు పొడి తగిలితే, మూత క్లిప్పులు వదులై దుమ్ము ఫిల్టరును దాటి పోతోందన్నమాట. అది ముందు బిగించండి.